‘వాండర్’ అన్న మాటకు టర్కిష్‌లో ఏమనాలి? ఒక ఆంగ్ల–టర్కిష్ నిఘంటువు యాప్ సమీక్ష

మా అమ్మాయి పెళ్ళి చేసుకుని టర్కీలోని ఇజ్మీర్ నగరంలో కాపురం పెట్టి మూడేళ్ళు దాటింది. అల్లుడికి ఆంగ్లం బాగా వచ్చు కాబట్టి అతనితో మాకు ఇబ్బంది లేదు. వియ్యపురాలు గారికి మాత్రం టర్కిష్ తప్ప మరో భాష రాదు. పండగలు వచ్చినప్పుడూ, మా ఆవిడకు మోకాలి నొప్పి ఎక్కువైందని తెలిసినప్పుడూ, ఒక్కోసారి ఇజ్మీర్‌లో వాన పడిందని చెప్పడానికీ ఆవిడ ఎంతో ఆప్యాయంగా ఫోనులో సందేశాలు పంపుతారు. ప్రతిసారీ అమ్మాయి చేత అనువాదం చేయించుకోవడం, ఆమె ఉద్యోగంలో ఉన్న వేళల్లో జవాబు ఆపి ఉంచడం నాకు మర్యాదగా తోచలేదు. విశాఖపట్నంలో ముప్ఫై ఏళ్ళకు పైగా కాలేజీ పిల్లలకు ఆంగ్లం చెప్పి విరమించినవాణ్ని కనుక, ఆంగ్లం చేతిలో ఉండగా టర్కిష్ అందకపోతుందా అనుకుని, ఆర్నెల్ల కిందట ఒక ఆంగ్ల–టర్కిష్ నిఘంటువు యాప్‌ను ఫోనులో వేసుకున్నాను. అది నాకు ఎంతవరకు అక్కరకు వచ్చిందో, ఎక్కడ సరిపోలేదో ఇక్కడ రాస్తున్నాను.

యాప్ పేరు రాయడం లేదు. ఈ మూసలోనే ఉన్న మరి రెండింటిని కూడా తరువాత చూశాను. లోపాలు మూడింటిలోనూ ఒకటే కనుక ఒక్కదాన్ని వేలెత్తి చూపడం న్యాయం కాదు. నిఘంటువు మొత్తాన్ని తూచగలిగే శక్తి కూడా నాకు లేదు. అందుకని ఒకే ఒక మాటను, ఆంగ్లంలో తిరగడం అనే అర్థమున్న ‘వాండర్’ను, దాని చుట్టూ ఉన్న ‘రోమ్’, ‘రాంబుల్’, ‘మియాండర్’ వంటి బంధువర్గాన్ని తీసుకుని, వాటికి ఈ నిఘంటువు ఇచ్చిన టర్కిష్ మాటలు నా అవసరానికి ఎలా పనికివచ్చాయో చూశాను. ఈ మాటనే ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది.

ఒకనాడు వియ్యపురాలు గారు పొద్దున్న పూట నేనేం చేస్తుంటానని అడిగారు. రోజూ తెల్లవారుజామున లాసన్స్ బే దగ్గర బీచ్ రోడ్డు ఎక్కి, సముద్రాన్ని చూస్తూ కురుసుర జలాంతర్గామి మ్యూజియం దాకా నడిచి వెనక్కి రావడం నా అలవాటు. ‘సముద్రపు ఒడ్డున అలా తిరిగి వస్తాను’ అని చెప్పాలనుకుని, యాప్‌లో ‘వాండర్’ అని కొట్టాను. వరసగా ఇరవైకి పైగా టర్కిష్ మాటలు వచ్చాయి. వాటిలో ‘అవారే అవారే దొలష్‌మక్’ అన్నది కనిపించింది. అవారే అంటే మనం ఆవారా అనే మాటే కదా, చెవికి తెలిసినదే కదా అన్న చనువుతో దాన్నే పెట్టి వాక్యం పంపాను. ఆవిడ నుంచి జవాబు రాలేదు. ఆ రాత్రి అమ్మాయి ఫోన్ చేసి, “నాన్నా, నీకు మనసు బాగాలేదా? అత్తగారు చాలా దిగులు పడుతున్నారు, మీ నాన్నగారు దిక్కు తోచక ఒడ్డున తిరుగుతున్నారట అంటున్నారు” అని అడిగింది. నేను రాసినదానికి టర్కిష్‌లో అర్థం అంతే. పనీ పాటా లేక, గమ్యం లేక, ఏదో పోగొట్టుకున్నవాడిలా తిరుగుతున్నానని రాశాను. దూరాన ఉన్న పెద్దావిడకు ఊరకే దిగులు కలిగించినందుకు నాకు చాలా బాధ కలిగింది.

ఆ జాబితాను మరునాడు పౌర గ్రంథాలయంలో కూర్చుని ఒక్కొక్క మాటగా తిరిగి చదివాను. మాటల్లో తప్పేమీ లేదు. ప్రతి ఒక్కటీ ఏదో ఒక సందర్భంలో ‘వాండర్’కు సరైన అనువాదమే. ఉల్లాసంగా తిరగడం, పని లేక తిరగడం, దారి తప్పి తిరగడం, చెబుతున్న విషయం నుంచి పక్కకు పోవడం, జ్వరంలో కలవరించడం, ఇవన్నీ ఒకే వరుసలో, ఒకే సైజు అక్షరాలతో, ఒకదాని కింద ఒకటి పేర్చి ఉన్నాయి. పక్కన ఉన్న చిన్న గడిలో ‘సాధారణం’, ‘వాడుక’, ‘సాంకేతికం’ అన్న మూడు ముద్రలు తప్ప ఏ మాట ఎవరితో అనవచ్చునో, ఏది మెచ్చుకోలో, ఏది నింద అవుతుందో తెలిపే గుర్తు ఒక్కటీ లేదు. ఉదాహరణ వాక్యం అసలే లేదు. బజారులో పది రకాల బియ్యం ఒకే రాశిగా పోసి, ఏది పులిహోరకు, ఏది పొంగలికి అన్నది కొనేవాడే తేల్చుకోవాలన్నట్టు ఉంది. రెండు భాషలూ వచ్చినవాడికి ఈ రాశి జ్ఞాపకం చేసుకోవడానికి ఉపయోగపడుతుంది. ఒకటే వచ్చినవాడు మోసపోతాడు.

అక్కడి నుంచి నేను యాప్‌ను ఒక పక్కన, టర్కీ భాషా సంస్థ వారి టర్కిష్–టర్కిష్ నిఘంటువును మరో పక్కన పెట్టుకుని చదవడం మొదలుపెట్టాను. 1932లో అతాతుర్క్ చొరవతో ఏర్పడిన ఆ సంస్థ తన నిఘంటువును ఇంటర్నెట్‌లో ఉచితంగా అందిస్తోంది. ప్రతి అర్థానికీ అందులో విడి సంఖ్య, చాలా చోట్ల వాడుక వాక్యం ఉంటాయి. అర్థం కాని వివరణలను అల్లుణ్ణి అడిగి తెలుసుకున్నాను. ఈ పద్ధతిలో నాకు తేలిన సంగతి ఏమిటంటే, తిరగడం విషయంలో టర్కిష్‌కు ఆంగ్లం కంటే తెలుగే దగ్గర. ఆంగ్లం మీదుగా వెళ్ళినందువల్లే నేను దారి తప్పాను.

మన ‘తిరుగు’ ఎంత పని చేస్తుందో ఆలోచించండి. బొంగరం తిరుగుతుంది, ఊళ్ళు తిరుగుతాము, తల తిరుగుతుంది, వెళ్ళినవాడు తిరిగి వస్తాడు, చెప్పినదే తిరిగి చెబుతాడు. గుండ్రంగా మలుపు తీసుకోవడం అన్న ఒకే ఊహ నుంచి ఇవన్నీ పుట్టాయి. ఆంగ్లపు ‘వాండర్’ పాత ఆంగ్లంలోని ‘వాండ్రియన్’ నుంచి వచ్చింది. మెలిక తిరగడం అనే అర్థమున్న ‘వైండ్’ దానికి చుట్టమే. టర్కిష్ ‘దొలష్‌మక్’ కూడా చుట్టడం అనే అర్థమున్న ‘దొలా’ అన్న ధాతువు నుంచే పుట్టింది. అందుకే దువ్వని జుట్టు చిక్కుపడినా దొలష్‌మక్కే, ఊళ్ళో తిరిగినా దొలష్‌మక్కే, శరీరంలో రక్తం తిరిగితే ‘కాన్ దొలషిమి’. అరకు వెళ్ళే ఘాట్ రోడ్డు లాంటి మలుపుల దారిని ‘దొలాంబచ్లి యొల్’ అంటారు. ఒకదానితో ఒకటికి సంబంధం లేని మూడు భాషలు తిరగడానికి మలుపునే మూలంగా తీసుకోవడం నాకు చాలా అందంగా కనిపించింది.

అయితే పోలిక అన్ని చోట్లా సాగదు. మనకు ‘నోరు తిరగడం’ అంటే ఉచ్చారణ బాగా పలకడం. నోరు తిరగని పేరు అంటే పలకలేని పేరు. టర్కిష్‌లో ‘దిలి దొలష్‌మక్’, అంటే నాలుక తిరగడం, సరిగ్గా దీనికి వ్యతిరేకం. నాలుక చిక్కుపడి మాట తడబడటం. తల తిరగడానికీ, తిరిగి రావడానికీ వాళ్ళు దొలష్‌మక్ వాడరు. ‘దొన్‌మెక్’ అని మరో క్రియ ఉంది. ఈ రెండూ కాక మూడోది ‘గెజ్‌మెక్’. మన ఒక్క ‘తిరుగు’ను టర్కిష్ ఇలా మూడు క్రియలకు పంచి ఇచ్చింది. యాప్‌లో ఈ పంపకం తెలియజేసే మాట ఒక్కటీ లేదు.

ఈ గెజ్‌మెక్ దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే నాకు మొదటి రోజే కావలసిన మాట అదే. సరదాగా, చూడటానికి, మనసు తేలిక చేసుకోవడానికి తిరగడం గెజ్‌మెక్. మన ‘షికారు’కు ఇది చాలా దగ్గరగా వస్తుంది. షికారు పారసీకంలో వేట. తెలుగుకు వచ్చేసరికి వేట పోయి విహారం మిగిలింది. పాత టర్కిష్ గ్రంథాల్లోని ‘షికార్’ మాత్రం వేటగానే ఉండిపోయింది, ఇప్పుడు మామూలు మాటల్లో వినిపించదు. గెజ్‌మెక్‌కు మరో గుణం, అది కర్మను తీసుకుంటుంది. ఊరు మొత్తం తిరిగి చూడటాన్ని ‘ఇజ్మీరి గెజ్‌మెక్’ అని ద్వితీయా విభక్తితో చెబుతారు. మనం ‘విశాఖను చుట్టివచ్చాం’ అన్నట్టు. ఏ ప్రత్యేకమైన గమ్యమూ పెట్టుకోకుండా, నెమ్మదిగా అటూ ఇటూ నడవడానికి దీని నుంచే పుట్టిన ‘గెజిన్‌మెక్’ ఉంది. నా బీచ్ రోడ్డు నడకకు సరిపోయే క్రియ అది. యాప్‌లో ఆ మాట లేకపోలేదు. జాబితాలో పద్నాలుగో పదిహేనో స్థానంలో, నిందార్థమున్న మాటల కింద అణగి ఉంది.

తప్పు దిద్దుకుంటూ నేను పంపిన వాక్యం ‘హెర్ సబాహ్ సాహిల్‌దె గెజినియొరుమ్’. ఈ వాక్యాన్ని తెలుగు పక్కన పెట్టి చూడండి. హెర్ అంటే ప్రతి, సబాహ్ అంటే ఉదయం, సాహిల్ అంటే తీరం, ‘దె’ అంటే మన ‘లో’, చివరి క్రియలో ‘గెజిన్’ తిరుగు, ‘ఇయొర్’ జరుగుతున్న పని, ‘ఉమ్’ నేను. ‘ప్రతి ఉదయం తీరంలో తిరుగుతున్నాను’ అన్న తెలుగు వాక్యంలో ఒక్క ముక్క కూడా స్థానం మారలేదు. ఆంగ్లంలో ఇదే చెప్పాలంటే ముందు కర్త, తరువాత క్రియ, తరువాత చోటు, చివరికి కాలం వస్తాయి. అంటే తెలుగువాడు వాక్యాన్ని ఒకసారి తలకిందులు చేసి, టర్కిష్‌లోకి వెళ్ళడానికి మళ్ళీ నిలబెట్టాలి. క్రియల చివర ఒకచోట ‘మెక్’, మరోచోట ‘మక్’ ఎందుకు వస్తుందో కూడా తెలుగువాడికి సులభంగా బోధపడుతుంది. ముందున్న అచ్చును బట్టి ప్రత్యయంలోని అచ్చు మారడం మనం ‘హరికి’ అనీ ‘గురువుకు’ అనీ అనడంలో రోజూ చేస్తున్నదే. టర్కిష్‌లో ఆ నియమం మరింత విస్తారంగా, దాదాపు ప్రతి ప్రత్యయానికీ పాకింది.

ఇక ‘గెజె గెజె’ అన్న ప్రయోగం చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. క్రియను రెండుసార్లు పలికి పని సాగిపోతూ ఉండటాన్ని చెప్పడం మన ‘తిరుగుతూ తిరుగుతూ’ పద్ధతే. యాప్‌లో ‘వాండర్’ కింద ఈ రూపం ఉండదు, ఎందుకంటే ఆంగ్లంలో దానికి జతగా పెట్టడానికి ఒక మాట లేదు. ఆంగ్ల పదాన్ని తాళంచెవిగా పెట్టుకున్న ఏ నిఘంటువులోనైనా ఆంగ్లానికి లేని గదులు తెరుచుకోవు.

ఇదే మాట అన్నింటికంటే బలంగా నాకు తెలిసివచ్చింది ‘తిప్పడం’ విషయంలో. తన కొడుకు ఇంటికి మమ్మల్ని పిలుస్తూ వియ్యపురాలు గారు ‘గెలిన్, సిజి గెజ్‌దిరెలిమ్’ అని రాశారు. రండి, మిమ్మల్ని తిప్పి చూపిస్తాం అని. తిరుగుకు తిప్పు ఎలాగో గెజ్‌మెక్‌కు గెజ్‌దిర్‌మెక్ అలాగ. ఒక చిన్న ప్రత్యయంతో తిరిగేవాడు తిప్పేవాడవుతాడు. ‘వాండర్’కు ఆంగ్లంలో ఇలాంటి ప్రేరణార్థక రూపం లేదు. కనుక ఆ క్రియను మూలంగా పెట్టుకుని ఈ యాప్‌లో ఎంత వెతికినా, చుట్టాలు వచ్చినప్పుడు మనం అన్నిటికంటే ఎక్కువగా అనే ఈ మాట తగలదు. (రండి అనే ‘గెలిన్’ మాటకే టర్కిష్‌లో కోడలు అన్న అర్థం కూడా ఉంది. ఇంటికి వచ్చేది కనుక కోడలు. మా అమ్మాయి వాళ్ళకు గెలిన్ అని తెలిసిన రోజు నుంచి ఆ పిలుపు నాకు ఇంకో రకంగా వినిపిస్తోంది.)

యాప్‌ను నిందించడానికే ఇది రాయడం లేదు. సాంకేతిక పదాల విషయంలో అది చాలా నమ్మదగినది. ‘రోమ్’ అని కొట్టగానే తిరగడంతో పాటు టెలికాం ముద్రతో ‘దొలషిమ్’ అన్న మాటను చూపిస్తుంది. పరాయి దేశంలో మన సిమ్ పని చేయడానికి టర్కీలో వాడే మాట అదే. నూలు మిల్లులో వడకడానికి ముందు చేసే దూది పేటకు ‘రోవింగ్’ అన్న ఆంగ్ల పదం ఉంది. అది తిరగడం అనే ‘రోవ్’ కిందకు వచ్చి గందరగోళం పెట్టకుండా నేత విభాగంలో విడిగా చూపించారు. ‘రాంబుల్’ కింద నడకకు ఒక గుంపు, పొంతన లేకుండా మాట్లాడటానికి మరో గుంపు వేరు చేసి పెట్టారు. ఆ రెండో గుంపులో ‘దాల్‌దన్ దాలా కొన్‌మక్’ అన్న నుడికారం ఉంది. కొమ్మ నుంచి కొమ్మకు వాలడం అని అర్థం. ఒక విషయం పూర్తికాకముందే మరో విషయానికి పోయేవాణ్ని అలా అంటారు. ‘వాండర్’ను కూడా ఇంత శ్రద్ధగా విడదీసి ఉంటే నాకు ఇబ్బంది కలిగేదే కాదు.

ఖగోళ విభాగం కూడా మెచ్చుకోదగినదే. గ్రహానికి టర్కిష్ మాట ‘గెజెగెన్’. గెజ్‌మెక్ నుంచే పుట్టింది, ఎప్పుడూ తిరిగేది అని అర్థం. ఆంగ్లపు ‘ప్లానెట్’ కూడా సంచారి అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి వచ్చినదే; కదలని నక్షత్రాల మధ్య కదులుతూ కనిపించే వెలుగులకు గ్రీకులు పెట్టిన పేరది. ఒట్టోమన్ కాలంలో ఇదే అర్థంతో ‘సెయ్యారే’ అన్న అరబ్బీ మాట వాడేవారు. 20వ శతాబ్దపు భాషా సంస్కరణలో దాని స్థానంలో గెజెగెన్ వచ్చింది. మనకు మాత్రం గ్రహం అంటే పట్టుకునేది. వాళ్ళు దాని నడకను చూశారు, మనవాళ్ళు దాని పట్టును చూశారు. యాప్ ‘సెయ్యారే’ను కూడా చూపించి ‘ప్రాచీనం’ అని ముద్ర వేసింది. అంటే కాలాన్ని బట్టి గుర్తు వేయడం వాళ్ళకు చేతనయిన పనే. మర్యాదను బట్టి కూడా అలాంటి గుర్తు వేయడం కష్టం కాదని నా అభిప్రాయం.

నాకు అన్నిటికంటే ఎక్కువ ఆనందం ఇచ్చిన పదం ‘మియాండర్’. మెలికలు తిరుగుతూ పోవడం, తొందర లేకుండా అటూ ఇటూ సాగడం అని ఆంగ్లంలో అర్థం. తరగతి గదిలో ఎన్నోసార్లు చెప్పిన మాటే. దాని మూలం ఒక నది పేరని పుస్తకంలో చదివాను గాని ఆ నది ఇప్పుడు ఎక్కడుందో ఎన్నడూ ఆలోచించలేదు. యాప్ దానికి మొదటి టర్కిష్ అర్థంగా ‘మెందెరెస్’ అని ఇచ్చింది, భూగోళశాస్త్రం అన్న ముద్రతో. ఆ మాట చూడగానే అమ్మాయి విమానం టికెట్టు గుర్తుకొచ్చింది. ఇజ్మీర్ విమానాశ్రయం పేరు అద్నాన్ మెందెరెస్. 1950 నుంచి 1960 దాకా టర్కీ ప్రధానిగా ఉండి, సైనిక తిరుగుబాటులో పదవి కోల్పోయి, 1961లో ఉరితీయబడిన నాయకుడి పేరు అది. ఆయన ఇంటిపేరు ఆయన ప్రాంతపు నది పేరే. 1934లో టర్కీలో ప్రతి ఒక్కరూ ఇంటిపేరు పెట్టుకోవాలని చట్టం వచ్చింది.

గ్రీకులు ‘మైయాండ్రోస్’ అని పిలిచిన ఆ నదిని నేడు బుయుక్ మెందెరెస్, అంటే పెద్ద మెందెరెస్ అంటారు. పశ్చిమ అనతోలియాలో 500 కిలోమీటర్లకు పైగా పారి ఏజియన్ సముద్రంలో కలుస్తుంది. చదునైన లోయలో దాని మెలికలు ఎంత ప్రసిద్ధమంటే, ఆ పేరే గ్రీకులో వంకరలకు సామాన్య నామమై, లాటిన్ మీదుగా ఆంగ్లానికి చేరింది. అది తెచ్చిన ఒండ్రుమట్టికి ప్రాచీన రేవుపట్టణం మిలేటస్ నౌకాశ్రయం పూడిపోయింది. ఒకనాడు ఓడలు నిలిచిన చోటు ఇప్పుడు సముద్రానికి కొన్ని కిలోమీటర్ల లోపల ఉంది. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా వచ్చి, భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలిసే మన గోస్తనీ నదిని చూసినప్పుడల్లా ఇప్పుడు నాకు ఆ మాట గుర్తుకొస్తోంది. ఒక పదాన్ని వెతికితే ఒక దేశపు భూమి, చరిత్ర కళ్ళ ముందుకు రావడం నిఘంటువు ఇవ్వగల గొప్ప సంపద. అయితే ఇందులో యాప్ నాకు ఇచ్చింది ‘మెందెరెస్’ అన్న ఒక్క మాటే. అది నది పేరని చెప్పే ఒక వాక్యం అక్కడ ఉండి ఉంటే నేర్చుకునేవాడు ఆ పదాన్ని జన్మలో మరచిపోడు.

మనకు తెలిసినట్టే అనిపించే మాటల గురించి కూడా ఒక హెచ్చరిక అవసరం. దుకాణం వాళ్ళకు దుక్కాన్, జవాబు జెవాప్, మైదానం మెయ్‌దాన్, కాగితం క్యాట్. ఇవన్నీ అరబ్బీ, పారసీక భాషల నుంచి మనకు ఒక దారిలో, వాళ్ళకు మరో దారిలో చేరినవి. మొదట్లో ఈ చుట్టరికం ధైర్యాన్నిస్తుంది. ఆ ధైర్యంతోనే నేను ‘అవారే’ దగ్గర పొరపాటు పడ్డాను. ‘మిసాఫిర్’ మరో ఉదాహరణ. అరబ్బీలో, ఉర్దూలో ముసాఫిర్ ప్రయాణికుడు. టర్కిష్‌లో అతడు అతిథి అయిపోయాడు. బస్సులో, రైలులో వెళ్ళేవాడిని ‘యొల్‌జు’ అంటారు, దారివాడని అర్థం. గుమ్మం ముందుకు వచ్చిన బాటసారిని అతిథిగా చూసిన సమాజం ఆ మాటను మార్చుకున్నదని నేను అనుకుంటున్నాను. మన ‘అతిథి’ చరిత్ర కూడా అంతకంటే భిన్నం కాదు కదా.

‘బషిబొష్’ అన్న మాటను మాత్రం ఏ వివరణా లేకుండా తెలుగువాడు పట్టుకోగలడు. తల ఖాళీగా ఉన్నది, అంటే తలకు పలుపు లేని పశువు అని మూలార్థం. ‘బషిబొష్ దొలష్‌మక్’ను మనం అచ్చోసిన ఆంబోతులా తిరగడం అంటాము. యాప్‌లో ఇది ‘వాండర్’ కింద మూడో స్థానంలో, గెజిన్‌మెక్ కంటే ఎంతో పైన, ఏ హెచ్చరికా లేకుండా ఉంది. పరాయి ఇంటి పెద్దల గురించి ఎవరైనా తెలియక ఈ మాట వాడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

సామెతలు యాప్‌లో చాలా తక్కువ. టర్కీ భాషా సంస్థ సామెతలకూ నుడికారాలకూ విడిగా పెట్టిన నిఘంటువులో ‘గెజెన్ ఆయాఆ తాష్ దెయెర్’ అన్నది దొరికింది. తిరిగే కాలికి రాయి తగులుతుంది అని. ‘తిరిగే కాలు, తిట్టే నోరు ఊరకుండవు’ అనే మా అమ్మమ్మ మాట వెంటనే చెవిలో పడింది. అక్కడే ‘గెజెన్ కుర్త్ ఆచ్ కాల్‌మజ్’ అన్నదీ ఉంది. తిరిగే తోడేలు పస్తుండదని భావం. ఒకే క్రియతో ఒక సామెత తిరుగుడును మందలిస్తుంది, మరొకటి మెచ్చుకుంటుంది. గెజ్‌మెక్ స్వభావం నాకు ఈ రెండు వాక్యాల్లో తెలిసినంతగా ఆ ఇరవై మాటల జాబితాలో తెలియలేదు.

పాతకాలపు నిఘంటుకారులు ఈ సంగతి ఎరిగినవారు. బ్రౌను దొర 1852లో అచ్చు వేసిన తెలుగు–ఆంగ్ల నిఘంటువులో ‘తిరుగు’ తీసి చూడండి. అర్థాల వెంట ప్రయోగాలు, వాటి వెంట పుట్టిన మాటలు వస్తూనే ఉంటాయి. టర్కిష్‌కు అలాంటి సేవ చేసినవాడు జేమ్స్ రెడ్‌హౌస్. ఆయన టర్కిష్–ఆంగ్ల మహానిఘంటువు 1890లో వెలువడింది. అప్పటికి టర్కిష్‌ను అరబ్బీ లిపిలోనే రాసేవారు, లాటిన్ అక్షరాలు 1928లో వచ్చాయి. కాగితానికీ అచ్చుకూ లెక్క చూసుకోవలసిన ఆ రోజుల్లోనే పదానికి ఇంత చోటు ఇచ్చారు. ఫోనులో చోటుకు కొదవ లేని ఈ రోజుల్లో ఒక్క ఉదాహరణ వాక్యం పెట్టకపోవడాన్ని నేను సమర్థించలేను.

మిగిలిన సౌకర్యాలు క్లుప్తంగా చెబుతాను. ఉచ్చారణ ధ్వనులు స్పష్టంగా, మనిషి గొంతుతో ఉన్నాయి. తెలుగు లిపిలో సరిగ్గా రాయలేని చుక్క లేని ఐ అక్షరాన్ని వినడానికి అదే దారి. అర్థాలను ముందే దింపి ఉంచుకోవచ్చు; అరకు ప్రయాణంలో సిగ్నల్ పోయిన సొరంగాల మధ్య కూడా వెతకగలిగాను. ప్రకటనలు విసిగించేంతగా లేవు. చందా కడితే వెతికిన పదాలు దాచుకునే వీలు వస్తుంది, కొత్త అర్థాలేవీ రావు. కనుక చందా అవసరం లేదు. ఇప్పటికే కొంత టర్కిష్ వచ్చినవారికి, ఓడల్లోనూ వ్యాపారంలోనూ సాంకేతిక పదాలు కావలసినవారికి ఈ యాప్‌ను నిస్సందేహంగా సూచిస్తాను. నాలాగా బంధువులతో రెండు మంచి మాటలు మాట్లాడాలనుకునేవారు మాత్రం ఇందులో దొరికిన ప్రతి క్రియనూ భాషా సంస్థ నిఘంటువులో మరోసారి చూసుకున్న తరువాతే పంపాలి. రెండో వెతుకులాటకు రెండు నిమిషాలు చాలు.

మరొక చిన్న సంగతి. వియ్యపురాలికి ఆంగ్లంలో ఒక్క మాటలో చెప్పే పేరు లేదు కాబట్టి యాప్‌లో ఆంగ్లం వైపు నుంచి వెళితే ఆ బంధుత్వం కనిపించదు. టర్కిష్‌లో ఉంది: ‘దునుర్’. వియ్యంకుడైనా వియ్యపురాలైనా అదే మాట. అల్లుడు చెప్పగా నేర్చుకుని, గెజ్‌దిర్‌మెక్‌తో కలిపి, దునుర్ గారూ, శీతాకాలంలో మీరు విశాఖ రండి, ఈసారి మేము మిమ్మల్ని తిప్పుతాము అని రాశాను. కైలాసగిరి నుంచి సముద్రం కనిపించే ఫొటో ఒకటి జత చేశాను. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు ఆ కొండ ఎక్కగలరా అని ఆవిడ అడిగారు. రోప్‌వే ఉందని జవాబిచ్చాను, ఆ మాటకు మాత్రం యాప్‌నే నమ్మాను: ‘తెలెఫెరిక్’. అది సరిగ్గానే ఉంది.

ఉదాహరణ వాక్యాల గురించి, నిందార్థమున్న మాటలకు గుర్తు వేయడం గురించి యాప్‌లోని అభిప్రాయాల పెట్టెలో వివరంగా రాసి పంపాను. ఇది రాస్తున్న నాటికి ‘వాండర్’ పేజీ మారలేదు. గెజ్‌దిర్‌మెక్ కావలసినవారు ‘షో అరౌండ్’ అని కొట్టి చూడండి, మొదటి వరుసలోనే ఉంది.